పడవ మీద కుంపటి: గ్రిల్ కొనే ముందు చూడవలసింది పడవ అడుగు

వేసవి వచ్చిందంటే అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి లేక్ లేనియర్‌లో బల్లలా చదునుగా ఉండే పాంటూన్ బోటు ఒకటి అద్దెకు తీసుకోవడం, ముందురోజు రాత్రే కోడి ముక్కలకు మసాలా పట్టించి ఐస్ పెట్టెలో సర్దుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. కొందరు ఇంకొంచెం ముందుకు వెళ్లి సొంత బోటే కొనుక్కుంటున్నారు. బోటు చేతికొచ్చాక పుట్టే మొదటి కోరికల్లో దాని మీద ఒక బార్బెక్యూ బిగించుకోవడం తప్పకుండా ఉంటుంది. దుకాణానికి వెళ్తే స్టీలు మెరుపు గురించి, బర్నర్ల గురించి, ఒకేసారి ఎన్ని ముక్కలు పడతాయన్న దాని గురించి చెబుతారు. ఇంటి పెరట్లో పెట్టుకునే గ్రిల్‌కు ఆ వివరాలు చాలు. పడవకు చాలవు. అక్కడ ముందు తేల్చుకోవలసింది గ్రిల్ ఎంత బాగా కాలుస్తుందన్నది కాదు. దానిలోంచి కారేవి, రాలేవి, వెలువడేవి ఎక్కడికి పోతాయన్నది.

పడవ అంటే నీరు లోపలికి రాకుండా కట్టుకున్న గిన్నె. నీరు లోపలికి రాని గిన్నెలోంచి గ్యాస్ కూడా బయటికి పోదు. పడవ మీద వంటకు సంబంధించిన జాగ్రత్తల్లో ముప్పాతిక వంతు ఈ ఒక్క సంగతిలోంచి పుట్టినవే. అమెరికాలో గ్రిల్లులకు వాడే ప్రొపేన్ గాలికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. మన ఇళ్లకు వచ్చే గ్యాస్ బండలో ప్రొపేన్‌తో కలిసి ఉండే బ్యూటేన్ అయితే దాదాపు రెండు రెట్లు. ఇంట్లో గ్యాస్ వాసన వస్తే తలుపులు బార్లా తీయమని చెప్పేది అందుకే: నేలమీద పరుచుకున్న గ్యాస్ గడప దాటి బయటికి జారిపోవాలి. పడవకు ఆ గడప లేదు. కారిన గ్యాస్ మెట్లు దిగి, నేల పలకల సందుల్లోంచి జారి, అట్టడుగున ఊటనీరు చేరే బిల్జ్ అనే గుంటలో నీళ్లలాగే నిలుస్తుంది. ఆ నీటిని తోడే పంపు, దాని స్విచ్, కొన్ని పడవల్లో ఇంజన్ స్టార్టర్ కూడా ఉండేది అక్కడే. ఆ పరికరాలు నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి తయారుచేసినవి కాకపోతే, ఎవరూ అగ్గిపుల్ల గీయకపోయినా పంపు తనంతట తాను తిరగడం మొదలుపెడితే చాలు.

ఎంత గ్యాస్ కారితే ప్రమాదమో లెక్కవేసి చూస్తే, చిన్న సిలిండర్ కదా అన్న ధీమా పోతుంది. పడవల గ్రిల్లులకు ఎక్కువగా బిగించేది ఆకుపచ్చ రంగులో ఉండే ఒక పౌను సిలిండర్. దానిలో 454 గ్రాముల ప్రొపేన్ ఉంటుంది, అంటే మన 14.2 కిలోల బండలో ముప్ఫయ్యో వంతు కూడా లేదు. అదంతా ఆవిరైతే ఇంచుమించు 250 లీటర్ల వాయువవుతుంది. గాలిలో ప్రొపేన్ 2.1 శాతం నుంచి 9.5 శాతం వరకు ఉన్నప్పుడు అంటుకుంటుంది. కింది హద్దు ప్రకారం చూస్తే ఆ 250 లీటర్లు దాదాపు 12 ఘనపు మీటర్ల గాలిని అంటుకునే మిశ్రమంగా మార్చగలవు. మూడు మీటర్ల పొడవు, రెండుంపావు మీటర్ల వెడల్పు, పొడగరి నిలబడితే తల తగిలేంత ఎత్తు ఉన్న కేబిన్ పరిమాణం సరిగ్గా అంతే. పైగా గ్యాస్ గదంతా సమానంగా కలవదు, అడుగున చిక్కగా నిలుస్తుంది కాబట్టి సిలిండర్ మొత్తం కారే దాకా ఆగవలసిన పని కూడా లేదు.

ఒకసారి నిప్పంటుకున్నాక పడవలు ఎంత వేగంగా కాలిపోతాయో తెలుగువారికి వేరే దేశపు ఉదాహరణ అక్కర్లేదు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో పక్కపక్కనే కట్టి ఉన్న మరబోట్లు పదుల సంఖ్యలో కాలిపోయాయి. ఆర్పకుండా విసిరిన సిగరెట్ ముక్క వల మీద పడడమే మూలమని పోలీసులు తర్వాత చెప్పారు. వేటకు వెళ్లేవారు వంట కోసం ఉంచుకున్న గ్యాస్ సిలిండర్లు, ట్యాంకుల్లోని డీజిల్ తోడై మంట బోటు నుంచి బోటుకు పాకింది. అక్కడ మంటకు మూలం బార్బెక్యూ కాదు. అయినా ఫైబర్, నైలాన్, ఇంధనం, సిలిండర్ ఇరుకైన చోట ఒకచోట చేరి, పక్క బోటు చేతికందే దూరంలో ఉండడం అన్నది జార్జియాలోని మెరీనాలో, అంటే సొంత బోట్లు కట్టేసుకునే రేవులో, కూడా ఉన్నదే. చాలా మెరీనాలు రేవులో కట్టి ఉన్న బోట్ల మీద బొగ్గుల గ్రిల్‌ను, కొన్ని ఏ రకం మంటనైనా నిషేధించడానికి కారణం చాదస్తం కాదు.

అన్ని పడవలూ ఒకే రకం గిన్నెలు కావన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కేబిన్ ఉన్న మోటారు బోటు, తెరచాప పడవ లోతైన గిన్నెల వంటివి. పైన చెప్పిన భయమంతా వాటికి వర్తిస్తుంది. పాంటూన్ బోటు వేరు. రెండు మూడు అల్యూమినియం గొట్టాల మీద పరిచిన బల్ల అది, దానికి బిల్జ్ ఉండదు, కారిన గ్యాస్ అంచుల మీదుగా నీటి మీదికి జారిపోతుంది. ఆ మేరకు నయమే. కానీ దానికి ఇంకో చిక్కుంది. చాలా పాంటూన్లలో పెట్రోలు ట్యాంకు వెనుక సీటు కిందే ఉంటుంది, ఎండకు పెట్రోలు వ్యాకోచించినప్పుడు గాలిగొట్టంలోంచి ఆవిరి బయటికి వస్తుంది, ఆ ఆవిరి ప్రొపేన్ కన్నా ఇంకా బరువు. తలపైన కాన్వాస్ గుడ్డ, కాళ్లకింద వినైల్ తివాచీ, చుట్టూ స్పాంజి సీట్లు. మా మిత్రుడి పాంటూన్ మీద ఒకసారి బొగ్గుల గ్రిల్ మూత తీస్తుండగా చింతగింజంత నిప్పుకణిక ఒకటి జారి నేలమీద పడింది. కాలితో తన్నేలోపే రూపాయి బిళ్లంత నల్లటి గుంట పడింది, అంచులు కరిగి గట్టిపడ్డాయి. ఆ మరక మీద ఇప్పుడు ఐస్ పెట్టె పెట్టి దాస్తున్నాడు.

ఇక ఏ ఇంధనం అన్న ప్రశ్న. బొగ్గుల రుచి గ్యాస్‌కు రాదన్నది నిజమే, ఆ వాదనలోకి నేను దిగను. పడవ మీద బొగ్గులతో వచ్చే ఇబ్బంది రుచిది కాదు, ఆపలేకపోవడం. గ్యాస్ మంటను మీట తిప్పి ఆర్పవచ్చు. వాన వచ్చినా, పెద్ద అల వచ్చినా, లంగరు జారినా కుంపటి మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. తినడం అయిపోయాక కూడా గంటల తరబడి లోపల రగులుతూనే ఉంటుంది, ఆ రగిలే దశలోనే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వెలువడుతుంది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు మించిన పట్టుతో పట్టుకుంటుంది, అందుకే గాలిలో కొద్దిపాటి మోతాదు ఉన్నా గంటల్లో మనిషిని పడేస్తుంది. చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు బిగించుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి ప్రాణాలతో లేకపోవడం ఉత్తర భారతం నుంచి ఏటా వినే వార్తే. సాయంత్రం చల్లబడిందని, ఆరిపోయిందన్న నమ్మకంతో గ్రిల్‌ను కేబిన్‌లోకి తెచ్చుకోవడం, లేదా వానకు చుట్టూ కాన్వాస్ తెరలు దింపుకుని లోపలే కాల్చుకోవడం దానికి ఏమాత్రం తీసిపోని పని.

పడవ మీద దీనికి ఇంకో మోసం తోడవుతుంది. కార్బన్ మోనాక్సైడ్ సోకినప్పుడు మొదట కనిపించేవి తలనొప్పి, వికారం, తల తిరగడం, మగత. పడవ ఊగుడుకు వచ్చే వాంతి లక్షణాలూ ఇవే, ఎండదెబ్బ లక్షణాలూ ఇంచుమించు ఇవే, రెండు బీర్లు తాగినవాడి లక్షణాలూ ఇవే. అందుకని ఎవరూ అనుమానించరు, పైగా ‘కాసేపు లోపల పడుకో’ అని విషం ఉన్న చోటికే పంపిస్తారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ లోతట్టు జలమార్గాల మీద తిరిగే పడవలను తనిఖీ చేసే బోట్ సేఫ్టీ స్కీమ్ వారు కేబిన్ లాంటి లోపలి వసతి ఉన్న పడవల్లో ఈ వాయువును పసిగట్టే అలారం తప్పనిసరి అని 2019 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చారు. అమెరికాలో ఏ నిబంధన మీ పడవకు వర్తించినా వర్తించకపోయినా, గ్రిల్ కొనే డబ్బులో కొంత పక్కనపెట్టి ఆ అలారం ఒకటి ముందు కొనడం మంచిది.

కరెంటు గ్రిల్ అన్నిటికన్నా నిరపాయం, రేవులో తీగ తగిలించుకునే వీలుంటే. నీటి మధ్యలో బ్యాటరీ మీద నడుపుదామంటే లెక్క కుదరదు. 1500 వాట్ల గ్రిల్‌కు 12 వోల్టుల బ్యాటరీ నుంచి, ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలుపుకుంటే, దాదాపు 140 ఆంపియర్లు లాగాలి. వంద ఆంపియర్ అవర్ల మామూలు లెడ్ బ్యాటరీని సగం వరకే వాడుకోవాలి కాబట్టి ఇరవై నిమిషాలకే చేతులెత్తేస్తుంది. ఆ తర్వాత ఇంజన్ స్టార్ట్ కావడానికి ఏమైనా మిగిలిందో లేదో చూసుకోవాలి.

అలా తిరిగి తిరిగి చాలామంది వచ్చి చేరేది గ్యాస్ దగ్గరికే, అది సరైన నిర్ణయమే, గ్యాస్ భాగం గిన్నె బయట ఉన్నంతవరకు. పడవల కోసం తయారైన గ్రిల్ ఇంటి గ్రిల్‌కన్నా రెట్టింపు ధర పలకడానికి అసలు కారణం దాని బిగింపులో ఉంది. అది పడవ రెయిలింగ్ కమ్మీకి, సాధారణంగా అంగుళం లేదా అంగుళానికి కొంచెం తక్కువ మందం ఉన్న గుండ్రటి కమ్మీకి, పట్టీలతో బిగుసుకుని నీటి మీదికి వేలాడుతుంది. కారిన గ్యాస్, రాలిన కొవ్వు, ఎగిరిన రవ్వ అన్నీ నీటిపాలవుతాయి. పాంటూన్ల కమ్మీలు నలుపలకగా ఉంటాయి కాబట్టి వాటికి వేరే బిగింపు కావాలి. కొనే ముందు కమ్మీ కొలత తీసుకుపోకపోతే రెండుసార్లు దుకాణానికి తిరగవలసి వస్తుంది. చేపల గాలం కర్ర గుచ్చే రంధ్రంలో నిలబెట్టే గ్రిల్లులు కూడా ఉన్నాయి. ఆ రంధ్రం కర్ర బరువుకు చేసింది, వేడి ఇనుము బరువుకు కాదు, పైగా గ్రిల్ పడవ లోపలి వైపుకు వస్తుంది. నాకైతే అవి నచ్చవు.

ఒక పౌను సిలిండర్‌లో సుమారు 21,000 బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఉంటుంది. గంటకు పదివేల బీటీయూల చిన్న గ్రిల్‌కు అది రెండు గంటలు వస్తుంది, నలుగురి భోజనానికి ధారాళంగా సరిపోతుంది. తరచూ వంట చేసేవారు ఇరవై పౌన్ల సిలిండర్‌కు ట్యూబ్ వేసుకుంటారు. అప్పుడు దానికి ప్రత్యేకమైన అర కావాలి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాలు ఆ అర పడవ లోపలికి ఎక్కడా సందు లేకుండా ఉండాలని, అడుగున కనీసం అరంగుళం గొట్టం నేరుగా బయటికి తెరుచుకోవాలని, ఆ గొట్టం నోరు పడవ లోపలికి దారి ఉన్న ఏ రంధ్రానికైనా 20 అంగుళాల దూరంలో ఉండాలని చెబుతాయి. అంటే ఇంటికి ఉన్న గడపను పడవలో ఒక్క అరకు కట్టివ్వడమన్న మాట. అటువంటి అర లేని పడవలో పెద్ద సిలిండర్‌ను సీటు కింద పెట్టి, ట్యూబ్‌ను కిటికీలోంచి లాగడం చూశాను. సీటు కింద పెట్టిన సిలిండర్ ఇంటి వంటింట్లో ఉన్నట్టు కాదు, మూతపెట్టిన గిన్నెలో ఉన్నట్టు.

చిన్న సిలిండర్లకు వాటి చిక్కు వాటికి ఉంది. వాటి మూతిలో ఉండేది స్ప్రింగుతో మూసుకునే చిన్న వాల్వు. గ్రిల్ నుంచి ఒకసారి విప్పాక అది ప్రతిసారీ పూర్తిగా మూసుకుంటుందన్న నమ్మకం లేదు. సగం వాడిన సిలిండర్‌ను అరలో పడేసి ఇంటికి పోయి, వారం తర్వాత వచ్చేసరికి కేబిన్‌లో కుళ్లిన ఉల్లిపాయ లాంటి వాసన ఆహ్వానించడం నాకు స్వయంగా జరిగింది. గ్యాస్‌కు సొంత వాసన ఉండదు, కారినప్పుడు తెలియాలనే మెర్కాప్టాన్ కలుపుతారు, ఆ రోజు నా అదృష్టం కొద్దీ నా ముక్కు దానిని పట్టింది. నిండువైనా సగమైనా, ఖాళీ అనుకున్నవైనా ఆ సిలిండర్ల స్థానం పైన, బయట, కమ్మీకి కట్టిన సంచిలో. వాటిని ఇంట్లో మళ్లీ నింపుకునే చిట్కాలు వీడియోల్లో కనిపిస్తాయి. ఒకసారి వాడి పారేసే సిలిండర్‌ను నింపి రవాణా చేయడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.

గ్రిల్‌ను ఏ వైపు బిగించాలన్నది గాలి చెబుతుంది. ముందు కొనకు లంగరు వేసిన పడవ తనంతట తానే గాలికి ఎదురు తిరుగుతుంది, అందువల్ల వెనుక కమ్మీ ఎప్పుడూ గాలివాలుకే ఉంటుంది. అక్కడ బిగించిన గ్రిల్ పొగ, రవ్వలు పడవ మీదికి రాకుండా వెనక్కి పోతాయి. రెండు జాగ్రత్తలున్నాయి: వెనుక తాడుకు కట్టిన చిన్న రబ్బరు పడవ ఉంటే దానిని పక్కకు లాగి కట్టాలి, పెట్రోలు పోసే మూత అదే మూలన ఉంటే గ్రిల్ రెండో మూలకు పోవాలి. రేవులో ఈ లెక్క పనిచేయదు, ఎందుకంటే కట్టేసిన పడవ తిరగదు, గాలి ఎటునుంచైనా వస్తుంది. పాంటూన్‌లో వెనుక పెట్రోలు, ముందు పెడితే పొగంతా కూర్చున్నవారి మొహాల మీదికి. ఆలోచించి ఆలోచించి పాంటూన్ ఉన్నవారికి నేను ఇచ్చే సలహా ఏమిటంటే, అనుమతి ఉన్న ఒడ్డున ఆపుకుని నేలమీద కాల్చుకోండి. లేనియర్ జలాశయాన్ని నిర్వహించే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వారి పార్కుల్లో పిక్నిక్ బల్లల పక్కన ఇనుప గ్రిల్లులు ఎలాగూ ఉంటాయి. అద్దె బోటయితే సొంత గ్రిల్ తేవచ్చో లేదో ఒప్పందపు కాగితంలోనే రాసి ఉంటుంది. పడవ నడుస్తుండగా మాత్రం ఏ రకం బోటులోనూ వెలిగించకూడదు.

స్టీలు సంగతి మనవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. స్టీలు సామాన్ల కొట్టులో పెద్దవాళ్లు గిన్నెకు అయస్కాంతం ఆనించి చూడడం మనం చిన్నప్పుడు చూసిందే. ఆ పరీక్ష ఇక్కడా కొంతవరకు పనికొస్తుంది: అయస్కాంతం గట్టిగా అంటుకుంటే అది నికెల్ లేని చవకరకం. అయితే అంటుకోనంత మాత్రాన పని అయిపోదు. 304 రకంలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, మంచినీటి సరస్సుకు అది చాలు. ఉప్పునీటి గాలికి దాని మీద సన్నటి గుంటలు పడతాయి. అందుకు రెండు మూడు శాతం మాలిబ్డినం కలిపిన 316 కావాలి. ఈ రెంటికీ తేడాను అయస్కాంతం చెప్పలేదు, తయారీదారు రాసి ఇచ్చినదానినే నమ్మాలి. బయటి డొప్ప మంచి స్టీలుతో చేసి, కనబడని బర్నర్, మరలు చవకరకంతో బిగించడం కద్దు. ముందు తినుకుపోయేవి అవే, కాబట్టి మూత మెరుపు వదిలేసి గ్రిల్‌ను తలకిందులు చేసి చూడండి.

వెలిగించే ముందు ప్రతిసారీ చేయవలసిన పని ఒకటుంది, రెండు నిమిషాలు పడుతుంది. సిలిండర్ బిగించి, బర్నర్ మీట మూసి ఉంచి, గిన్నెలో చిక్కగా కలిపిన సబ్బునీళ్లను కుంచెతో ప్రతి అతుకు మీదా పూయాలి. నురగ కదలకుండా ఉంటే సరే. ఒకచోట ఆవగింజంత బుడగ లేచి, ఉబ్బి, పగిలి, అదేచోట మళ్లీ లేస్తే అక్కడ గ్యాస్ కారుతున్నట్టే. చాలాసార్లు ఎండి పగిలిన వాషర్ మార్చితే పోతుంది. మూత తెరిచి ఉంచి వెలిగించాలి. గాలికి మంట ఆరిపోతే వెంటనే మళ్లీ అగ్గి చూపకుండా మీట మూసి, ఐదు నిమిషాలు ఆగాలి, ఎందుకంటే ఆరిన మంటతో పాటు గ్యాస్ ఆగదు. మంట ఆరగానే గ్యాస్‌ను తానే మూసేసే ఏర్పాటు ఉన్న గ్రిల్ దొరికితే నలభై యాభై డాలర్లు ఎక్కువైనా అదే కొనదగినది.

పడవ మీద ఏం కాల్చాలన్నది కూడా భద్రతకు సంబంధించిన విషయమే. పెరుగు, నూనె కలిపి పట్టించిన మన మసాలా నిప్పు మీద కారి మంటను ఎగదోస్తుంది. కారంపొడి రాలితే ఆ ఘాటుకు గాలివాలున ఉన్న పక్క బోటు వాళ్లు లంగరు ఎత్తుకుపోతారు. ముక్కలను ఇంట్లోనే పూర్తిగా ఉడికించి, మసాలా తుడిచి, పుల్లలకు గుచ్చి తెచ్చుకుంటే పైన పది నిమిషాల పని. నన్నడిగితే పడవ గ్రిల్‌కు వంకాయను మించినది లేదు: కొవ్వు కారదు, అతుక్కోదు, కాలిన తొక్క ఒలిచి పచ్చిమిర్చితో నూరుకుంటే పచ్చడి అక్కడికక్కడే అవుతుంది. కాల్చే ముందు నాలుగుచోట్ల గాట్లు పెట్టడం మరిచిపోతే మాత్రం ఆవిరికి పేలి మొహాన పడుతుంది.

కొవ్వు అంటుకుంటే చుట్టూ నీళ్లే కదా అని చెంబుతో పోయడం పడవ మీద అందరికీ తోచే తప్పు. మండే కొవ్వు మీద నీరు పడితే అది ఒక్కసారిగా ఆవిరై కొవ్వును చిమ్ముతుంది. మూత వేసి, సిలిండర్ మూసి, అప్పటికీ ఆగకపోతే పొడి చిమ్మి మంటలార్పే పరికరం (ఫైర్ ఎక్స్‌టింగ్విషర్) వాడాలి. అది మంట దాటి వెళ్లనక్కర్లేని చోట ఉండాలి. పారేసే రకం అయితే తయారైన 12 ఏళ్ల తర్వాత చెల్లదని అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది, తయారీ సంవత్సరం దాని అడుగున అచ్చై ఉంటుంది.

వంట అయ్యాక ముందు మూయవలసింది బర్నర్ మీట కాదు, సరఫరా. పెద్ద సిలిండర్‌కైతే దాని వాల్వు మూసి, ట్యూబ్‌లో మిగిలిన గ్యాస్ మండిపోయి మంట నీలంగా కుంచించుకుని దానంతట అది ఆరే దాకా చూసి, అప్పుడు మీట తిప్పాలి. చిన్న సిలిండర్‌కు చేత్తో మూసే వాల్వు ఉండదు కాబట్టి గ్రిల్ చల్లారాక, నీటి మీదికి వంగి, కమ్మీ అవతలే విప్పాలి. విప్పినదాన్ని చెవి దగ్గర పెట్టుకుని వినండి. బుస్సుమన్న చప్పుడు క్షణంలో ఆగిపోతే మూత బిగించి బయటి సంచిలో వేసుకోవచ్చు. ఆగకపోతే దానిని మళ్లీ గ్రిల్‌కే బిగించి, ఖాళీ అయ్యేదాకా వెలిగించి ఉంచి, ఆ పూట ఇంకో నాలుగు వంకాయలు కాల్చుకోవడమే.